గోగుకట్టలో చొక్కా

పాత బట్టలు తీసుకుని స్టీలు సామానిచ్చే ఆవిడ మొన్న మా కుట్టుకొట్టు మెట్ల మీద గంప దించి మంచినీళ్లు అడిగింది. నెత్తి మీంచి చుట్టకుదురు తీసి పక్కన పెట్టుకుంది. చెంబుతో నీళ్లు తెచ్చిన నేను ఆ చుట్టకుదురును చూసి అక్కడే నిలబడిపోయాను.

బూడిదరంగు గుడ్డ. మధ్యమధ్య ఎర్రటి, పచ్చటి, నీలం నలకలు. ఒక అంచు వంకరగా, పళ్లుపళ్లుగా తెగి ఉంది. ఆ కోత నాది. ఇన్నేళ్లుగా కత్తెర పట్టుకుని బతుకుతున్నదాన్ని, అంత వంకరగా కోసింది ఒక్కసారే. మా వీధి మావ పోయిన రోజున, ఆయన సగం నేసి వదిలేసిన గుడ్డను మగ్గం మీంచి కోసి ఇచ్చాను, శవం మీద కప్పడానికి. అది ఆయనతో పాటే కాలిపోయిందనుకున్నాను. నా సంగతి వదిలేయండి. ఆ గుడ్డలో తన కొడుకు చొక్కా కలిసి ఉన్న తల్లి ఒకావిడ ఉంది. అది కాలి బూడిదైందని నమ్మి, ఆ నమ్మకంతోనే ఈ మధ్య కాస్త అన్నం తింటోంది.

"ఇదెక్కడిది?" అని అడిగాను.

"ఏటోనమ్మా. ఏటిగట్టు కాడ, శవాల మీంచి తీసిన గుడ్డలు మూటలు కట్టి ఇస్తారు కదా, అందులోది. గరుకు గుడ్డ, ఎవలూ తీసుకోనేదు. సుట్టకుదురుకి బాగున్నాదని ఉంచుకున్నాను."

లోపలికి వెళ్లి, నా పాత చీరలకు తనే ఇచ్చిన స్టీలు డబ్బా తెచ్చి ఆవిడ ఒళ్లో పెట్టి గుడ్డ తీసుకున్నాను. సామానిచ్చి పాతగుడ్డ పుచ్చుకునే మనిషిని తన వృత్తిలో ఎప్పుడూ చూడలేదు కాబోలు, నా మొహం వంక ఎగాదిగా చూసి, మనసు మారుతుందేమోనని గబగబా వెళ్లిపోయింది.

గుడ్డను ఉతికి, ఆరేసి, మడతపెట్టి మిషను మీద పెట్టుకున్నాను. ఆ తల్లికి చెప్పాలా, వద్దా. ఎంతసేపు కూర్చున్నా తేలలేదు. మావైతే ఏం చేసేవాడో నాకు బాగా తెలుసు. నా బాధంతా అదే.

ఆయన మాకు చుట్టం కాదు. వీధి వరసకి మావ. గోనెసంచుల మిల్లులో మగ్గాల దగ్గర పనిచేసి చెవులు పోగొట్టుకున్నాడు. తనకి వినబడదు కనక ఎదుటివాళ్లకీ వినబడదన్న లెక్కలో మాట్లాడేవాడు. "కోడలా, కూరేటి?" అని నన్నడిగితే నాలుగిళ్ల అవతలి వాళ్లు కూడా తమ కూర చెప్పేవారు. పరామర్శకు వెళ్లినా అదే గొంతు. ఒకరింట్లో, పోయిన మనిషి తాగుడు గురించి పక్కవాడికి రహస్యంగా చెప్పబోయి, శవం లేచి కూర్చునేంత గట్టిగా చెప్పిన ఘనుడు. అత్త, అంటే ఆయన భార్య, చెంగుతో మొహం కప్పుకుని ఇంటికొచ్చేసింది.

మిల్లు మూసేశారని ఆయన నోట ఒక్కనాడూ వినలేదు. "మిల్లు తొంగున్నాది కోడలా. లెగుస్తాది," అనేవాడు. గేటు తుప్పుపట్టి, లోపల యంత్రాలు కూడా ఎవరో పట్టుకుపోయి, ఆ జాగా అంతా జిల్లేడు మొలిచాక కూడా అదే మాట. జిల్లేడు కాయల కోసం ఆ ప్రహరీ ఎక్కి దిగేవాడు. ఎవరో దొంగతనమన్నారు. "అక్కడ మొలిసింది నాది కాకపోతే మరెవలిది?" అన్నాడు, ఊరంతా వినేలా.

మిల్లులో మగ్గాల చప్పుడుకి మాట వినబడదు కనక అక్కడ వాళ్లందరిదీ చేతి సైగలే. ఆ భాషను ఇంటికి కూడా తెచ్చాడు. బొటనవేలు నోటి దగ్గర పెడితే టీ. అరచెయ్యి బోర్లిస్తే పని ఆపమని. రెండు వేళ్లు జతచేసి టక్కున విడదీస్తే పోగు తెగిందని. పెరట్లో రాట్నం దగ్గర అత్త, పాకలో తను పెట్టుకున్న చేమగ్గం దగ్గర ఆయన, మధ్యలో చేతులు. దెబ్బలాట కూడా సైగలతోనే జరిగేది. అత్త చెయ్యి ఎంత వేగంగా ఆడితే ఆ పూట అంత పెద్ద గొడవని మాకు అర్థమయ్యేది.

నా మిషను కింద ఒక సంచి ఉంటుంది. జాకెట్లు, లంగాలు కుట్టగా మిగిలిన కత్తిరింపులు అందులో పడతాయి. సంత రోజున ఆ సంచి కోసం వచ్చేవాడు. రాగానే చతికిలబడి, కళ్లు మూసుకుని, మోచేతి దాకా లోపలికి పెట్టి కెలికేవాడు.

"కళ్లెందుకు మూస్తావు మావా?"

"రంగు సూసినామంటే సెయ్యి మోసపోతాది."

గుప్పెడు ముక్కలు బయటికి తీసి ఒక్కో ముక్కలోంచి పోగు లాగేవాడు. జేబులోంచి అగ్గిపెట్టె తీసేవాడు. బీడీ మానేసి ఏళ్లయినా అగ్గిపెట్టె మానలేదు. పోగు అంటించి, ఆరిపోయాక వేళ్ల మధ్య నలిపి చూసేవాడు. నూలైతే కాగితంలా కాలి బూడిద రాలుతుంది. పాలిస్టరైతే కరిగి చిన్న నల్ల పూసలా ముద్దకడుతుంది. "బూడిదైతే మనది. ముద్దయితే మనది కాదు," అని ముద్దయినవన్నీ నా ముందుకే తోసేసేవాడు. ఆయన వెళ్లాక కొట్టంతా కాలిన వాసన. గిరాకీలు ముక్కు మూసుకునేవారు. ఆయన్ని కసురుకునేదాన్ని. అయినా మళ్లీ సంత రోజొచ్చేసరికి సంచి నింపి సిద్ధంగా ఉంచేదాన్ని.

ఈ పరీక్ష ఎక్కడ చెయ్యాలో ఎక్కడ చెయ్యకూడదో ఆయనకి తెలియదు. మా ఆడపడుచు పెళ్లికి మగపెళ్లివారు తెచ్చిన చీరను ఆడవాళ్లందరూ చేతులు మార్చి చూస్తుంటే, ఈయన చేతికి వచ్చేసరికి కొంగులోంచి పోగు లాగి, అగ్గిపుల్ల గీసి, "పట్టు కాదిది, ముద్ద," అని ప్రకటించాడు. వియ్యపురాలు భోజనానికి లేవలేదు. మా అత్తగారు ఆ తర్వాత మరి ఆయనకి మా ఇంట్లో మంచినీళ్లివ్వలేదు. ఆవిడ కోపం న్యాయమైనదే. నాకు మాత్రం ఆ వియ్యపురాలి మొహం తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది.

ఇన్ని కత్తిరింపులు, పాత పంచెలు, చిరిగిన దుప్పట్లు ఆయనకెందుకంటే, గుడ్డ చెయ్యడానికి. మేకులు కొట్టిన చెక్క డ్రమ్ము ఒకటి చేయించుకుని, దాన్ని పాత గ్రైండరు మోటారుతో తిప్పేవాడు. చింపిన పీలికలు అందులో వేస్తే చీలిపోయి దూదిగా బయటికొచ్చేవి. ఆ దూది పోచలు మరీ పొట్టి, ఒంటరిగా పోగు నిలవదు. అందుకని నార కలిపేవాడు. మా వైపు రైతులు గోగు వేస్తారు కదా, చెరువులో నానేసి కుళ్లబెట్టి తీసిన ఆ గోగునారను సోడా నీళ్లలో ఉడికించి, ఎండేసి, దువ్వి, పొట్టిగా కోసి ఈ దూదిలో కలిపేవాడు. అరటిబోదె నార కలిపి చూశాడు. జిల్లేడు దూది కలిపాడు. ఆ పాలు పడి చేతులు బొబ్బలెక్కాయి. ఒకసారి సీతంపేట వెళ్లి అనాస ఆకులు మోపుకట్టి బస్సులో వేసుకొచ్చాడు. కండక్టరు దారి పొడుగునా తిట్టాడట. ఒక్క తిట్టూ వినబడక నవ్వుకుంటూ దిగాడు.

"నారకి బలముంటాది, మెత్తదనం నేదు. పాతగుడ్డకి మెత్తదనముంటాది, బలం నేదు. కలిపితే ఎందుకు రాదు కోడలా, వస్తాది," అనేవాడు.

వచ్చిన మాట నిజం. గుడ్డే వచ్చింది. కాని నేను ఉన్న మాట చెబుతాను, ఆ గుడ్డ గుచ్చుకునేది. వానాకాలంలో చెరువు వాసన వేసేది. దానితో సంచులు కుట్టాను, మిషను సూదులు విరిగాయి. విశాఖలో ఏదో ప్రదర్శనకి పట్టుకెళితే చదువుకున్నవాళ్లు చుట్టూ మూగి మెచ్చుకుని, ఫొటోలు తీసుకుని, కాళ్లు తుడుచుకునే పట్టాలకీ బల్లల మీద పరుచుకోడానికీ కొనుక్కుపోయారు. తిరిగొచ్చి రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. ఆయన మాట్లాడకపోతే వీధికి ఏదో జబ్బు చేసినట్టుండేది.

"కాలికింద ఏసుకోడానికి గోనెగుడ్డ సాలదేటి? నాను నేసింది ఒంటికి," అన్నాడు చివరికి. తనకో చొక్కా కుట్టమన్నాడు. కుట్టిచ్చాను. మెడ చుట్టూ ఒరుసుకుని ఎర్రగా కందిపోయినా అదే తొడుక్కుని తిరిగాడు. ఆయన తప్ప ఆ గుడ్డను ఒంటిమీద వేసుకున్న మనిషి లేదు. ఒక్కరైనా వేసుకుంటే చూడాలని మాత్రం ఆయనకుండేది. నన్నడిగాడు కూడా. రవికె కుట్టుకోమన్నాడు. చాల్లే మావా అన్నాను.

దగ్గు ఎప్పుడు మొదలైందో ఎవరికీ గుర్తులేదు. మిల్లులో ఉండగానే ఉంది. డ్రమ్ము తిప్పడం మొదలెట్టాక ముదిరింది. శ్రీకాకుళంలో డాక్టరు ఊపిరితిత్తులు నుసితో నిండిపోయాయని, ఆ పని దగ్గరికి పోవద్దని చెప్పాడు. ఈయన చెవిటితనం అలాంటి చోట్ల బాగా పనికొచ్చేది. అత్త సైగలతో మళ్లీ చెబితే మొహం అటు తిప్పేసుకునేవాడు.

ఆ చలికాలంలోనే చొక్కా సంగతి జరిగింది.

ఎచ్చెర్ల అవతల పల్లె నుంచి ఆయనకి గోగునార తెచ్చే రైతు కుటుంబం ఒకటి ఉండేది. ఎక్కువగా ఆ ఇల్లాలే తెచ్చేది. గోగమ్మ అనేవాళ్లం. వాళ్ల కొడుకు ఎక్కడో దూరదేశంలో మేడలు కట్టే పనికి వెళ్లి పై నుంచి పడిపోయాడు. పెట్టెలో పెట్టి పంపారు. శ్రీకూర్మం వెళ్లి పిండం పెట్టించాక, ఇంక ఆ పిల్లాడి గుడ్డ పేలిక కూడా ఇంట్లో ఉండకూడదని తండ్రి అన్నీ మూటకట్టి నాగావళిలో వదిలేశాడు. ఆవిడ ఒక చొక్కా మాత్రం దాచేసింది. ఇంట్లో దాస్తే దొరికిపోతుందని పెరట్లో పేర్చిన గోగుకట్టల్లో ఒకదాన్ని విప్పి, నార మధ్యలో పెట్టి మళ్లీ కట్టేసింది. ఆవిడ కలుపుకి వెళ్లిన పూట మొగుడు ఆ కట్టలన్నీ ఆటోలో వేసి మావ ఇంటికి పంపేశాడు.

ఇక్కడొక ముక్క చెప్పాలి. ఇంట్లో పాతగుడ్డలుంటే గోగుకట్టలోనే దోపి పంపమని రైతులందరికీ మావే చెప్పాడు. వాళ్లూ అలాగే పంపేవారు. కట్ట విప్పితే నీలం చొక్కా కనబడింది. పోగు అంటించి చూశాడు. బూడిద. మంచి నూలు చొక్కా పంపారని సంతోషించి, చింపి డ్రమ్ములో వేశాడు.

మర్నాడు గోగమ్మ వచ్చేసరికి నేను అక్కడే ఉన్నాను, కత్తిరింపుల సంచి ఇవ్వడానికి వెళ్లి. ఆవిడ చెప్పులు కూడా లేకుండా వచ్చింది.

"అన్నా, ఆ కట్టలో..." అని గొణిగింది.

"ఏటి?"

"కట్టలో... సొక్కా..."

"బలంగా సెప్పు సెల్లీ, నాకు సెవుడు."

ఆవిడ వీధి వైపు చూసింది. కుళాయి దగ్గర ఆడవాళ్లున్నారు. అరుగు మీద మగవాళ్లున్నారు. మొగుడికి కూడా తెలియని సంగతి అది. ఆఖరికి కళ్లు గట్టిగా మూసుకుని అరిచింది.

"మా గుంటడి సొక్కా. నాను కట్టలో దాసుకున్నాను. ఇచ్చీ అన్నా."

కుళాయి దగ్గర బిందె నిండి కారిపోతున్నా ఎవరూ కదల్లేదు. మావ డ్రమ్ము ఆపాడు. డ్రమ్ము కింద దూది కుప్ప ఉంది. ఆయన దాని వంకా ఆవిడ వంకా చూసి, నేనెరిగిన ఇన్నేళ్లలో మొదటిసారి నెమ్మదిగా మాట్లాడాడు.

"సింపేసినాను సెల్లీ."

గోగమ్మ దూది కుప్ప ముందు కూర్చుని చేతులతో వెతకడం మొదలెట్టింది. అందులో దొరికేదేముంది. ఆ వెతకడం చూడలేక అత్త నా సంచిలో చెయ్యి పెట్టి, ఒక నీలం ముక్క తీసి, "ఇదేనేటి సూడమ్మా, ఇదొక్కటీ మిగిలిపోనాది," అని ఆవిడ చేతిలో పెట్టింది. మావకి సైగ చేసింది, ఊరుకోమని. గోగమ్మ ఆ ముక్కను బుగ్గకి ఆనించుకుని, అప్పటిదాకా బిగబట్టిన ఏడుపు ఏడ్చింది. నా ప్రాణం కుదుటపడింది. అత్త ఎంత మంచిపని చేసిందో అనుకున్నాను.

మావ వంగి ఆ ముక్క ఆవిడ చేతిలోంచి తీసుకున్నాడు. పోగు లాగాడు. అగ్గిపుల్ల గీశాడు. పోగు ముడుచుకుపోయి ముద్దకట్టింది. దాన్ని అరచేతిలో పెట్టి ఆవిడకి చూపించాడు.

"ఇది మీ వోడిది కాదు. మీ వోడిది నూలు. నా సేతులతో సింపినాను, నాకు తెలుసు. ఇది ఈ కోడలి కొట్టులో జాకెట్టు ముక్క."

ఆ క్షణాన ఆయన్ని కొట్టాలనిపించింది. నిజంగానే. అత్త రెండు చేతులతో ఆయన్ని ఏమేం తిట్టిందో నాకు తెలియదు కాని, అంత వేగంగా ఆ చేతులు ఆడటం మళ్లీ చూడలేదు. గోగమ్మ మాత్రం ఏడుపు ఆపేసి ఆ నల్లపూస వంకే చూస్తూ ఉండిపోయింది.

"మీ వోడు ఈ దూదిలో ఉన్నాడు," అన్నాడు మావ. "ఏ మూలున్నాడో సెప్పలేను. ఇందులో మరో గుడ్డ కలపను. ఈ దూదంతా నీకే నేసి ఇస్తాను. మెత్తగా నేస్తాను, కప్పుకుందువు గాని."

"ఇంట్లో ఉంచనివ్వరన్నా," అంది ఆవిడ, మళ్లీ గొంతు పెంచి.

"ఒంటిమీదుంటే ఇంట్లో ఉన్నట్టు కాదు కదా."

ఆవిడ వెళ్లాక నేను అడగకుండా ఉండలేకపోయాను. ఒక్క అబద్ధం ఆడితే నీ నోరు పడిపోతుందా మావా అన్నాను, చెవి దగ్గర అరిచి.

"రేపట్నుంచి ఆ ముక్కతో మాటాడుకుంటాది కోడలా. నీ జాకెట్టు ముక్కతో. నాను సూస్తా ఉండగా ఎలగ?" అన్నాడు.

నాకు ఆ జవాబు నచ్చలేదు.

ఆ దూదిని పంచెలో మూటకట్టి వేరుగా పెట్టాడు. గోగునార తగ్గించి, జిల్లేడు దూది ఎక్కువ కలిపాడు మెత్తదనం కోసం. అత్త రాట్నం మీద వడికింది. వడికినంతసేపూ మాటిమాటికీ పోగు తెగింది. పడుగుకి కొన్న నూలు వేసి, పేకకి ఈ పోగు పెట్టి నేతకి కూర్చునేసరికి వేసవి వచ్చింది. ఆయన ఊపిరి అప్పటికే అడుగంటింది. నాలుగు పేకలు నెయ్యడం, మగ్గం దూలానికి తల ఆనించి దగ్గడం, మళ్లీ నాలుగు పేకలు. వేరొకరు నేస్తామంటే ఒప్పుకోలేదు.

గోగమ్మ సంత రోజుల్లో వచ్చి మగ్గం పక్కన కూర్చునేది. గుడ్డలో నీలం నలక కనబడితే దాని మీద వేలు పెట్టి ఆయన మొహం వంక చూసేది.

"ఇదా?"

"అయ్యుండొచ్చు," అనేవాడు.

ఒక్కసారైనా అవునంటాడేమోనని నేను కాచుకుని చూశాను. అనలేదు. నా కత్తిరింపుల నీలాలు కూడా ఆ కుప్పలో ముందే పడి ఉన్నాయి కదా, అదీ ఆయన పట్టింపు.

వానలు పడగానే మంచం పట్టాడు. గొంతు పూర్తిగా పోయింది. ఊరంతా వినబడే మనిషి చివరి రోజుల్లో చేతులతోనే మాట్లాడాడు. ఒక పొద్దున్న రెండు వేళ్లు జతచేసి విడదీశాడు, పోగు తెగిందని. అత్త పాకలోకి వెళ్లి మగ్గం మీద పోగులన్నీ చూసింది. ఏదీ తెగలేదు. ఆ సంగతి చెబుదామని వచ్చేసరికి ఆయన లేడు.

మా వైపు శవం మీద అయినవాళ్లందరూ తలా ఒక కొత్త గుడ్డ కప్పుతారు. తెచ్చినవన్నీ తళతళలాడేవే. మావ చూస్తే ఒక్కటీ దగ్గరికి రానిచ్చేవాడు కాదు. అత్త నన్ను పాకలోకి పిలిచి, మగ్గం మీదున్నది కోసిమ్మంది. కోశాను. అది పట్టుకుని వస్తే మావ అన్నగారు అడ్డం నిలబడ్డాడు.

"పాతగుడ్డ కప్పకూడదు. పైగా సచ్చినోడి సొక్కా కలిసిందట అందులో."

"నేతలోంచి ఇప్పుడే దిగినాది బావా. కొత్తది కాదేటి?" అంది అత్త. ఆయన వినలేదు. వీధిలో ఎవరూ అత్త వైపు మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు.

గోగమ్మ ఎప్పుడు వచ్చిందో చూడలేదు. మనుషుల్ని తోసుకుని వచ్చి నా చేతిలో గుడ్డ తీసుకుంది. అది ఆవిడది. దానికోసం అన్ని నెలలు కాచుక్కూర్చుంది. ఇంటికి పట్టుకుపోతుందనే అనుకున్నాను.

"మా వోడు పెట్టెలో వచ్చినాడు," అంది ఆ అన్నగారితో. "మూత తియ్యనీనేదు. ఒక్క గుడ్డ కప్పనేదు ఆడిమీద. నాను ఆడి సొక్కా దాసినాను, ఆడు ఎక్కడా కుదురుగా లేడు. ఈ అన్నతో పంపించీండి."

అన్నగారు పక్కకి జరిగాడు. ఆవిడే కప్పింది. సగం నేసిందే కనక మోకాళ్ల దాకానే వచ్చింది. దాని మీద తళతళలాడేవన్నీ వేశారు. మగవాళ్లు మోసుకెళ్లారు. మలుపు తిరిగేదాకా చూసి, "ఎల్లిపోనాడు," అంది గోగమ్మ. మావ గురించో కొడుకు గురించో నేను అడగలేదు. ఆ తర్వాత ఒకసారి సంతలో కనబడింది. మొహంలో కాస్త నెత్తురు వచ్చింది. "నిద్ర పడతన్నాదమ్మా," అని చెప్పింది.

మొన్న గుడ్డ దొరికాక మా ఆయన్ని అడిగాను, ఆ రోజు శ్మశానానికి వెళ్లినవాళ్లలో ఆయన ఒకడు కనక. "కట్టెల మీద పెట్టేముందు పైనున్న గుడ్డలన్నీ లాగేస్తారు కదా," అన్నాడు, అది కూడా తెలియదా అన్నట్టు. ఆడవాళ్లం వీధి మలుపు దాటి వెళ్లం. మాకెలా తెలుస్తుంది.

ఒక నీలం నలక గోటితో లాగి అగ్గిపుల్ల గీశాను. బూడిద. అయినా అది ఆ పిల్లాడిదని చెప్పలేను, నా కొట్టులోని నూలు ముక్క కూడా అలాగే కాలుతుంది. గుడ్డను పెట్టెలో అడుగున పెట్టి తాళం వేస్తే ఆ తల్లి హాయిగా నిద్రపోతుంది. ఆ నిద్ర నేను దాచిన గుడ్డ మీద ఆధారపడి ఉంటుంది. ఆవిడ సంతలో నన్ను చూసి నవ్విన ప్రతిసారీ నేను నీలం ముక్క చేతిలో పెడుతున్నట్టే. ఇంత ఆలోచించి, మావ మీద చెప్పలేనంత కోపంతో, గుడ్డ సంచిలో పెట్టుకుని బస్సెక్కాను.

పల్లె బయట చెరువులో గోగు నానేశారు. ఆ కంపుకి కళ్లు నీళ్లు తిరిగాయి. గోగమ్మ మోకాలి లోతు నీళ్లలో నిలబడి నార ఒలుస్తోంది. మొగుడు గట్టు మీద కట్టలు కడుతున్నాడు. నన్ను చూసి పైకొచ్చి, తడి చేతులు చీరకి తుడుచుకుంది. నేను చెప్పడం మొదలుపెట్టాను. గుడ్డ బయటికి తీశాను.

అంచు పట్టుకుని చూసింది.

"కాల్లేదేటి?"

"కాలలేదమ్మా."

"నాను పంపించీసినాను కదా," అంది. గట్టు మీద కూలబడింది. మావ ఆ రోజు చేసిన పనే నేనూ చేశాను. ఏడుస్తుందని చూశాను, ఏడవలేదు. గుడ్డను ఒళ్లో పరుచుకుని, వేలితో తడుముతూ ఒక నలక దగ్గర ఆగింది. నా మొహం వంక చూసింది.

"ఇదా?"

అవునందామని నోటిదాకా వచ్చింది.

"అయ్యుండొచ్చు," అన్నాను.

మొగుడు కట్ట వదిలి వచ్చాడు. "ఏటా గుడ్డ?"

"నాదే," అందావిడ. లేచి, దులిపి, తడిసిన చీర మీంచి భుజాల చుట్టూ కప్పుకుంది. అతను నా వంక చూశాడు, గుడ్డ వంక చూశాడు, వెళ్లి కట్టల దగ్గర కూర్చున్నాడు. గోగమ్మ అలాగే మళ్లీ నీళ్లలోకి దిగింది.

మావ తప్ప ఆ గుడ్డను ఒంటిమీద వేసుకున్న మనిషిని నేను చూడటం అదే మొదలు. ఎలా ఉందని గట్టు మీంచి అడిగాను.

"గుచ్చుతన్నాది," అంది.

తియ్యలేదు.